మంట తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది, గర్భసంచి తీయించుకోవాలా?

ప్రశ్న: డాక్టరమ్మా, నాకు 53 ఏళ్లు. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ముట్లు ఆగి నాలుగేళ్లయింది. పోయిన దసరా నుంచి ఇప్పటికి నాలుగుసార్లు మూత్రంలో మంట వచ్చింది. మా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని గోలీలు మింగితే తగ్గుతుంది. ఇరవై రోజులకో నెలకో మళ్లీ మొదలు. పోయినసారి పరీక్ష చేయిస్తే మూత్రంలో ఏమీ లేదన్నారు, మంట మాత్రం అట్లనే ఉంది. కింద పొడిబారినట్టుంటుంది, దురద. డెట్టాల్ వేసి కడుగుతున్నా. తుమ్మినా దగ్గినా చీర తడుస్తోంది. మా ఆయనను దగ్గరికి రానిస్తే ఓర్చుకోలేనంత నొప్పి. రెండుసార్లు లంగాకు రక్తం మరక అంటింది. అప్పటినుంచి మనవరాలిని పక్కలో వేసుకుని పడుకుంటున్నా, ఆయనకు కోపం. మూడేళ్లుగా షుగర్ గోలీలు వాడుతున్నా. ఒక దవాఖానలో గర్భసంచి తీసేస్తే అన్నీ పోతాయన్నారు. తీయించుకోవాలా? ఇది క్యాన్సరేనా? మా కోడలితో రాయిస్తున్నా, పేరు వేయొద్దు.

జవాబు: అమ్మా, ముందు ఆపరేషన్ సంగతి. ఈ బాధల కోసమైతే వద్దు. తేదీ ఇచ్చేసి ఉంటే ఆపించండి. మీరు రాసిన మంట, దురద, పొడిదనం, చీర తడవడం, వీటిలో ఏ ఒక్కటీ గర్భసంచి తీసేస్తే పోయేది కాదు. పైగా సంచితోపాటు అండాశయాలను కూడా తీసేయడం మన దగ్గర మామూలైపోయింది. ముట్లు ఆగినా అండాశయాలు కొద్దో గొప్పో హార్మోన్లు ఇస్తూనే ఉంటాయి. అదీ లేకుండా పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.3 మంది, తెలంగాణలో 8.2 మంది. మన ఆడవాళ్ల గర్భసంచులే ఎక్కువగా చెడిపోతాయా ఏంటి? ‘పిల్లలు పుట్టేశారు, ఇంకెందుకది’ అనే మాట ఇంట్లోవాళ్లకూ తేలిగ్గా వస్తుంది, కొందరు డాక్టర్లకూ తేలిగ్గా వస్తుంది. బాధపెట్టే పెద్ద గడ్డలున్నప్పుడు, సంచి బాగా కిందికి జారినప్పుడు, క్యాన్సర్ అని తేలినప్పుడు ఆపరేషన్ అవసరం పడుతుంది. ఏదైనా ముందు పరీక్ష, ఆ తర్వాతే కత్తి.

ఆ పరీక్ష మీకు ఎలాగూ కావాలి, రక్తం మరక కనిపించింది కాబట్టి. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా, ఒక్కసారే కనిపించినా, చూపించుకోవాల్సిందే. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇలా రక్తం కనిపించిన పదిమందిలో సుమారు తొమ్మిది మందికి అది క్యాన్సర్ కాదు. మీ విషయంలో కలయిక తర్వాతే మరక అంటింది కాబట్టి, పొడిబారి పలచబడిన పొర చిట్లి ఉండొచ్చు. కానీ ఆ మిగిలిన ఒక్కరు మీరు కాదని ఉత్తరం చదివి నేను చెప్పలేను. లోపలి నుంచి చేసే స్కాన్‌లో గర్భసంచి లోపొర మందం చూస్తారు. 4 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఉంటే చాలావరకు నిశ్చింతే. ఎక్కువున్నా, రక్తం మళ్లీ కనిపించినా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దాంతోపాటు గర్భసంచి ముఖద్వారాన్ని కూడా చూడమనండి. అక్కడి కణాలు కొన్ని తీసి చూసే పాప్ స్మియర్ అయినా సరే, వెనిగర్ లాంటి మందు అద్ది చూసే పరీక్ష అయినా సరే. 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు ఈ రెండో పరీక్ష సర్కారు దవాఖానల్లో డబ్బు తీసుకోకుండానే చేస్తారు. పరీక్షకు పడుకోబోయే ముందే ‘నాకు లోపల బాగా నొప్పి, చిన్న పరికరం వాడండి’ అని చెప్పండి. చిన్న సైజు పరికరాలు ఉంటాయి. అడగకపోతే చాలాచోట్ల మామూలుదే వాడేస్తారు.

ఇప్పుడు అసలు జబ్బు. మీరు మంటను ఒక జబ్బనీ, దురదను ఇంకో జబ్బనీ, నొప్పిని మూడోదనీ అనుకుంటున్నారు. వీటన్నిటికీ మూలం ఒక్కటే కావచ్చు. యోని, మూత్రనాళం, మూత్రసంచి కింది భాగం, ఈ మూడూ ఈస్ట్రోజెన్ హార్మోన్ మీద ఆధారపడి ఉంటాయి. అది ఉన్నన్నాళ్లు అక్కడి పొర మందంగా, తడిగా, సాగేటట్టు ఉంటుంది. ముట్లు ఆగి హార్మోన్ పడిపోయాక, కాలువ నీళ్లు బందైన మాగాణి నెర్రెలిచ్చినట్టు పలచబడి, పొడిబారి, చిట్లిపోతుంది. 2014లో వైద్యులు ఈ యోని బాధల్నీ మూత్రం బాధల్నీ కలిపి ఒకే జబ్బుగా చూడటం మొదలుపెట్టారు. ముట్లు ఆగినవాళ్లలో దాదాపు సగం మందికి ఇది ఎంతో కొంత ఉంటుంది. ఒంట్లో ఆవిర్లు, చెమటలు చాలామందికి కొన్నేళ్లకు తగ్గిపోతాయి. ఇది అలా కాదు. వదిలేస్తే పెరుగుతూ పోతుంది.

పదేపదే ఇన్‌ఫెక్షన్ ఎందుకు వస్తోందంటే, హార్మోన్ ఉన్న రోజుల్లో యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా ఉంటుంది. పొరలోని చక్కెర పదార్థాన్ని తిని అది ఆమ్లం తయారుచేస్తుంది. ఆ పులుపులో చెడు క్రిములు నిలవలేవు. పొర పలచబడితే దానికి తిండి దొరకదు, ఆమ్లం తగ్గిపోతుంది. మలద్వారం దగ్గరుండే ఈ.కోలై లాంటి క్రిములు ముందుకు పాకి యోనిలో స్థిరపడతాయి. అక్కడి నుంచి మూత్రనాళంలోకి ఎంత దూరమని? ఆడవాళ్లలో మూత్రనాళం పొడవే సుమారు 4 సెంటీమీటర్లు. కాబట్టి ఇది మీ శుభ్రతలో లోపం కాదు. పొలం పనుల్లో ‘ఉడుకు చేసి’ వచ్చిందీ కాదు. సబ్జా, బార్లీ నీళ్లు, చల్ల తాగితే హాయిగా ఉంటుంది, మానమని చెప్పను. కానీ పలచబడిన పొర వాటితో మందం కాదు.

సూది, గోలీల దగ్గరికి వద్దాం. నాకు కోపం తెప్పించేది ఇదే. ప్రతిసారీ ఏదో ఒక యాంటీబయోటిక్ ఇస్తారు, పరీక్ష ఉండదు. మూడు రోజులకు మంట తగ్గుతుంది, గోలీలు మధ్యలో ఆపేస్తారు. లొంగని క్రిములు మిగిలి, మళ్లీసారి అదే మందు పనిచేయదు. ఆ మందులు ఉన్న కాసిన్ని మంచి బ్యాక్టీరియాను కూడా చంపుతాయి కాబట్టి తర్వాత దురద, పెరుగు తరకల్లాంటి తెల్లబట్ట మొదలవుతాయి. దానికి ఇంకో గోలీ. ఇట్లా తిరుగుతూనే ఉంటుంది.

ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే దాన్ని మాటిమాటికీ వచ్చే ఇన్‌ఫెక్షన్ కింద లెక్కేస్తారు. మీకు నాలుగుసార్లు మంట వచ్చింది గానీ, అందులో నిజమైన ఇన్‌ఫెక్షన్లు ఎన్నో ఎవరికీ తెలియదు. మూత్రంలోని క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష ఒక్కసారీ చేయించినట్టు లేదు. ఈసారి మంట రాగానే యాంటీబయోటిక్ గోలీ వేసుకోకముందే మూత్రం కల్చర్‌కు ఇవ్వండి. సీసా ఊరికే నింపి ఇస్తే కుదరదు. ముందు మామూలు నీళ్లతో కడుక్కోండి. మొదట వచ్చే కొంచెం మూత్రం వదిలేసి, మధ్యలో వచ్చేది ల్యాబ్‌వాళ్లిచ్చిన డబ్బాలో పట్టండి. డబ్బా అంచు ఒంటికి తగలనివ్వొద్దు. గంటలోపు ల్యాబుకు చేర్చండి. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఏ క్రిమి, ఏ మందుకు లొంగుతుంది అన్నది అందులో ఉంటుంది. మంట ఎక్కువగా ఉంటే డాక్టర్ ఈలోపే మందు మొదలుపెట్టి, రిపోర్టు చూసి మారుస్తారు.

మూత్రంలో ఏమీ లేదని వచ్చినా మంట ఉందన్నారు చూడండి, నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట అది. పొడిబారిన పొర మీద మూత్రం తగిలినా మండుతుంది. దానికి యాంటీబయోటిక్ ఎందుకు? ఇందుకు తిరగేసి ఇంకోటి కూడా జరుగుతుంది. వయసు మళ్లినవాళ్లకు మంట, నొప్పి ఏమీ లేకపోయినా మూత్రంలో క్రిములు కనిపిస్తుంటాయి. బాధ లేనప్పుడు ఆ రిపోర్టును చూసి మందు వాడనక్కర్లేదు.

ఇక మందు. ఎస్ట్రియాల్ క్రీమ్ అని దొరుకుతుంది, యోనిలో పెట్టుకునేది. రాత్రి పడుకోబోయే ముందు అర గ్రాము, అంటే బఠాణీ గింజంత, దాంతో వచ్చే గొట్టంతో గానీ వేలి కొసతో గానీ లోపల పెట్టుకోవాలి. కొంచెం మూత్రద్వారం చుట్టూ కూడా రాయాలి. మొదటి రెండు వారాలు రోజూ, ఆ తర్వాత వారానికి రెండు రాత్రులు. సోమవారం, గురువారం అని పెట్టుకుంటే మరవకుండా ఉంటారు. మొదటి నాలుగైదు రోజులు కాస్త మండొచ్చు. పొర బాగయ్యేకొద్దీ ఆ మంట పోతుంది. ‘వారం వాడాను, గుణం లేదు’ అని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. మూడు వారాలకు తేడా తెలుస్తుంది, పూర్తి గుణం కనిపించడానికి మూడు నెలలు పడుతుంది. బాగైందని ఆపేస్తే కొన్ని నెలలకు పాత బాధలే వస్తాయి. బీపీ గోలీలా ఇది కూడా కొనసాగించే మందు.

ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయా అంటే, బాగా తగ్గుతాయి. మాటిమాటికీ మూత్రం ఇన్‌ఫెక్షన్ వచ్చే, ముట్లు ఆగిన ఆడవాళ్ల మీద జరిగిన పరిశోధన ఒకటి 1993లో అచ్చయింది. మందు లేని ఉత్తి క్రీమ్ రాసుకున్నవాళ్లకు ఏడాదికి సగటున ఆరుసార్ల దాకా ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఎస్ట్రియాల్ క్రీమ్ వాడినవాళ్లకు సగటు ఒక్కసారి కూడా లేదు. మూడు దశాబ్దాలు దాటినా ఈ మందు మన పల్లెల దాకా రాలేదు, సూదులు మాత్రం వచ్చాయి.

క్రీమ్ డబ్బాలోని కాగితం చదివితే మీ కోడలు భయపడుతుంది. క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం, గుండెపోటు అని రాసి ఉండొచ్చు. ఆ భయం ముఖ్యంగా 2002లో బయటపడిన, నోటితో మింగే హార్మోన్ గోలీల పరిశోధన నుంచి వచ్చింది. యోనిలో పెట్టే ఈ కొంచెం మందు రక్తంలో కలిసేది చాలా తక్కువ. ఇలాంటి హెచ్చరికలను తీసేయించే పని 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మొదలుపెట్టింది కూడా. అయితే రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు తమ క్యాన్సర్ డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు. రక్తం మరక కారణం తేలకుండా మీరూ మొదలుపెట్టొద్దు. ముందు స్కాన్, తర్వాతే క్రీమ్. హార్మోన్ వద్దనుకునేవాళ్లకు హయలురోనిక్ ఆమ్లం ఉన్న తేమ జెల్‌లు ఉన్నాయి. పొడిదనానికి అవి పనిచేస్తాయి గానీ ఇన్‌ఫెక్షన్లను ఆపడంలో క్రీమ్‌కు సాటి రావు.

షుగర్ సంగతి మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏ గోలీయో రాయలేదు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందులు చక్కెరను మూత్రం దారిన బయటకు పంపుతాయి. మంచి మందులే. కానీ కొందరు ఆడవాళ్లకు వీటివల్ల కింద ఫంగస్ చేరి దురద పెడుతుంది. గోలీల అట్ట మీద పేరు చూడండి, ఉంటే డాక్టర్‌కు చూపించండి. మీ అంతట మీరు ఆపేయొద్దు. హెచ్‌బీఏ1సీ అనే మూడు నెలల షుగర్ పరీక్ష కూడా చేయించండి. షుగర్ అదుపులో లేకపోతే ఏ క్రీమూ పూర్తిగా గుణం ఇవ్వదు.

డెట్టాల్ ఈ రోజే ఆపండి. సబ్బు, వేపాకు నీళ్లు, పసుపు నీళ్లు, మందుల షాపులో అమ్మే సువాసన ద్రవాలు, ఏవీ వద్దు. పైన మామూలు నీళ్లు చాలు, లోపల కడగనే కూడదు. పైపైన దురదకు కొబ్బరినూనె రాసుకోవచ్చు. పరీక్షలో డాక్టర్ చూసేటప్పుడు ఒకటి అడగండి: పైచర్మం మీద తెల్లటి మచ్చలు ఉన్నాయా అని. ఉండి, రాత్రిళ్లు విపరీతంగా దురద పెడుతుంటే అది వేరే చర్మ జబ్బు కావచ్చు. దానికి స్టెరాయిడ్ పూత కావాలి, ఈ క్రీమ్ సరిపోదు.

నాట్లకు, కలుపుకు పోయినప్పుడు మీరు నీళ్లు తాగకుండా ఉంటారని రాయకపోయినా తెలుసు. పొలంలో చాటు ఉండదు, మగవాళ్లు గట్టు మీదే ఉంటారు. పొద్దున ఏడింటికి పోయి మధ్యాహ్నం దాకా బిగబట్టుకునే ఆడవాళ్లు మన జిల్లాల్లో ఎంతమందో. బస్సు ఎక్కాలన్నా అంతే. ఆడవాళ్లను డబ్బు తీసుకోకుండా ఎక్కనిస్తున్నారు గానీ బస్టాండులో మరుగుదొడ్డి సంగతి ఎవరికి పట్టింది? మీ వంతుగా పొలానికి బయలుదేరేముందు ఒకసారి వెళ్లి రండి, మూడు నాలుగు గంటలకు మించి బిగబట్టొద్దు. గుంపులో నలుగురు ఆడవాళ్లు ఒకటై చీర అడ్డం పట్టుకున్నా సరే.

తుమ్మితే చీర తడవడం హార్మోన్ ఒక్కదాని పని కాదు. కాన్పులతో, బరువులు మోయడంతో కింది కండరాలు వదులవుతాయి. వాటికి కసరత్తు ఉంది. గాలి పోకుండా ఆపుకునేటప్పుడు ఏ కండరాన్ని బిగిస్తారో దాన్నే బిగించి, ఐదంకెలు లెక్కపెట్టి వదలండి. పొట్ట, తొడలు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. పదిసార్లు ఒక విడత, రోజుకు మూడు విడతలు. అన్నం పొయ్యి మీద ఉన్నప్పుడు నిలబడే చేయొచ్చు, పక్కనున్నవాళ్లకు కూడా తెలియదు. మూడు నెలలు విడవకుండా చేయాలి. కింద ఏదో గడ్డ జారినట్టు చేతికి తగిలితే మాత్రం అది గర్భసంచి గానీ మూత్రసంచి గానీ జారడం, డాక్టర్ చూడాలి. అందులోనూ ఆపరేషన్ ఒక్కటే దారి కాదు, లోపల పెట్టుకునే రింగులున్నాయి. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో నడుము, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లది మరో కథ. మూత్రసంచి బాగానే ఉన్నా బాత్‌రూం చేరేలోపే తడిసిపోతుంది. అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే మంచం పక్కనే కుర్చీ కమోడ్ పెట్టండి. గోలీల కన్నా అదే నయం.

మీ ఆయన సంగతి. మనవరాలిని అడ్డం పెట్టుకుంటే ఎన్నాళ్లు గడుస్తుంది? ఆయనకు మీ నొప్పి తెలియదు, మీకు మనసు విరిగిందనుకుంటున్నాడేమో. ‘నాకు లోపల పుండులా ఉంది, డాక్టర్ మూడు నెలలు ఆగమంది’ అని చెప్పండి. అబద్ధం కాదు, నేనే చెబుతున్నాను. పరీక్షకు వెళ్లేటప్పుడు ఆయన్నీ వెంట తీసుకెళ్లండి. నోటితో చెప్పడానికి మీకు బిడియమైతే అక్కడ డాక్టరే చెబుతుంది. ఆ తర్వాత దగ్గరైనప్పుడు కూడా మందుల షాపులో దొరికే, నీళ్లతో చేసిన జారుడు జెల్ వాడండి. ఆయనకు దురద, పుండు, రసి లాంటివి ఉంటే ఇద్దరూ కలిసి మందు వాడాలి. ఒక్కరు వాడితే లాభం లేదు.

మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రిలో గానీ, నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ స్త్రీల ఓపీకి వెళ్లండి. ఆడవాళ్ల కోసం తెలంగాణ సర్కారు 2023 మార్చి 8న మొదలుపెట్టిన ‘ఆరోగ్య మహిళ’ మంగళవారం క్లినిక్కుల్లో మూత్రం ఇన్‌ఫెక్షన్లు, ముట్లు ఆగాక వచ్చే బాధలు కూడా చూడాలని ఉంది. మీకు దగ్గర్లో ఎక్కడ నడుస్తోందో ఆశా కార్యకర్తను అడగండి. వెళ్లేటప్పుడు పాత చీటీలు, గోలీల ఖాళీ అట్టలు, ఆ దవాఖానవాళ్లు స్కాన్ రిపోర్టు ఇచ్చి ఉంటే అదీ తీసుకెళ్లండి. అక్కడ జనం మధ్య నోరు పెగలకపోతే మీ కోడలు రాసిన ఈ ఉత్తరాన్నే ఓపీలో డాక్టర్ చేతికివ్వండి. ఈలోపు చలితో జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు వచ్చినా, మూత్రంలోనే రక్తం కనిపించినా మంగళవారం దాకా ఆగకుండా ఆ రోజే వెళ్లండి.